డూప్ కొట్టిన గోల్స్

ఫిల్మ్‌నగర్, హైదరాబాద్
ఆగస్టు, ఆదివారం

హెలెన్ అక్కకి,

ముందు మదర్ గారికి నమస్కారం. మా ఉత్తరాలు మీరు చదివాకే అక్క చేతికి వెళ్తాయని తెలుసు. నా దస్తూరీకి మీ కళ్ళు నొప్పి పుడితే క్షమించండి. తొమ్మిదిలో బడి మానేశాక నేను రాసింది పార్సిళ్ళ మీద సంతకం ఒక్కటే.

అక్కా, సిస్టర్లకి తర్ఫీదిచ్చే మీ నొవీషియేట్‌లో ఫోన్ ఉంటే వాయిస్ మెసేజ్ పెట్టి ఊరుకునేవాణ్ణి. కానీ ఇది నడుస్తూ చెప్పేసే సంగతి కాదు. నేను గడ్డి మీద ఆడాను.

నవ్వకు. షేక్‌పేట ఫ్లైఓవర్ పక్కన మట్టిలో, గాజుపెంకులు ఏరుకుంటూ ఆడినవాడికే తెలుస్తుంది గడ్డంటే ఏంటో. బంతి నీ మాట వింటుంది. కిందపడితే నేల నిన్ను మెల్లగా దింపుతుంది. నేను కావాలనే ఒకసారి పడి చూశాను.

ఎలా జరిగిందంటే, ఒక సినిమాకి నన్ను డూప్‌గా పిలిచారు. అందులో హీరో ఫుట్‌బాల్ ఆటగాడు. పాపం ఆయన బంతిని తంతే బూటు వెళ్తుంది గానీ బంతి వెళ్ళదు. ఆయన జుట్టులాంటి విగ్గు పెట్టి, ఆయన చొక్కా తొడిగి నన్ను దింపారు. షూటింగ్ జూబ్లీ హిల్స్ వెనకాల ఒక కాలేజీ గ్రౌండ్‌లో. ఎదుటి టీంగా ఆ కాలేజీ కుర్రాళ్ళే నిలబడ్డారు. సినిమాలో ఆట నీకు తెలుసుగా. తన్నితే కట్. మళ్ళీ తన్నితే కట్. గోల్ పడుతుందో లేదో పొద్దున కాగితం మీదే రాసుకుని వస్తారు.

మధ్యాహ్నం లైటింగ్ మారుస్తున్నారని గ్యాప్ ఇస్తే ఆ కుర్రాళ్ళు ఊరికే ఆడుకోవడం మొదలెట్టారు. నేను విగ్గుతోనే దూరాను. అక్కా, కట్ అనేవాళ్ళు లేరు! ఆట అలా సాగుతూనే ఉంది. తర్వాత ఏమవుతుందో అక్కడున్న ఇరవై మందిలో ఒక్కడికీ తెలియదు.

వాళ్ళ కోచ్ కమలాకర్ సార్ గట్టు మీద నిలబడి చూశారట. పిలిచారు. "ఏం రా పిల్లగా, గా ఎడమ కాలు ఏడ నేర్చినవ్?" అన్నారు. షేక్‌పేటలో అన్నాను. "రేపటి సంది పొద్దుగాల గ్రౌండ్‌కు రా" అన్నారు.

అప్పటినుంచి రోజూ కాలేజీకి వెళ్తున్నానక్కా. నువ్వు నమ్మవు గానీ, ఏ పనిలోనూ కుదురుగా లేనివాణ్ణి, అలారం పెట్టకుండానే లేస్తున్నాను.

నీ తమ్ముడు
చరణ్ తేజ


నొవీషియేట్, ఏలూరు దగ్గర
సెప్టెంబరు మొదటివారం

తేజా,

నీ ఉత్తరం మదర్ గారే తెచ్చి ఇచ్చారు. మామూలుగా బల్ల మీద పెట్టి వెళ్ళిపోయే మనిషి, నేను చదివేదాకా నిలబడ్డారు. "మీ తమ్ముడు కాలేజీలో చేరాడా?" అన్నారు. తల ఊపాను.

ఒరేయ్, నువ్వు బడి మానేసిన రోజు గుర్తుందా? పుస్తకాల సంచీ మంచం మీద పడేసి, "అక్కా, నాకు బల్ల మీద కూర్చోవడం రాదు" అన్నావు. ఇక్కడికి వచ్చేటప్పుడు కూడా నేను ప్రార్థనలో అడిగింది నీ గురించే. చదవకపోయినా ఫర్వాలేదు, వాణ్ణి ఒక చోట నిలబెట్టు ప్రభువా అని. ఇప్పుడు చూడు, కాలేజీయే!

ఆ సాయంత్రం ప్రార్థనలో మదర్ గారు అందరి ముందూ చెప్పారు. "మన హెలెన్ తమ్ముడు మళ్ళీ చదువుకి వెళ్ళాడు, కృతజ్ఞతలు చెల్లిద్దాం." ముప్ఫై మంది సిస్టర్లు నీ పేరు పలికారు. భోజనంలో నా కంచంలో ఎవరో రెండో గుడ్డు వేశారు.

ఏ గ్రూపు తీసుకున్నావు? ఓపెన్ స్కూల్లో పది ఎప్పుడు కట్టావు? నాకు ఒక్క మాట కూడా చెప్పలేదే దొంగా!

మదర్ గారు కేరళ మనిషి, ఫుట్‌బాల్ అంటే ప్రాణం. నువ్వు ముందు వరసలో ఆడతావా, వెనక వరసలోనా అని అడగమన్నారు.

అక్క


ఫిల్మ్‌నగర్
సెప్టెంబరు ఆఖర్లో

అక్కా, మదర్ గారూ,

ముందు వరసలోనే. ఎడమ పక్క. ఏడో నంబరు.

యూనివర్సిటీ టోర్నమెంటు మొదలైంది. మొదటి మ్యాచ్‌లో రెఫరీ ఈల ఊదగానే అలవాటుగా పక్కకి చూశాను. షూటింగ్‌లో ఈల వినబడితే జూనియర్ ఆర్టిస్టులకి అన్నం వచ్చిందని అర్థం. ఇక్కడ ఈల ఊదితే పదకొండు మంది నీ మీదికి నిజంగా వస్తారు. నిజంగా అక్కా! ఆపడానికే వస్తారు. ఎక్కడ తన్నాలో ముందే మాట్లాడుకోలేదు.

మా కెప్టెన్ అజ్మత్ అని టోలీచౌకీ కుర్రాడు. ఫైనల్ ఇయర్. వాడు ఆటలో వెనక్కి చూడకుండానే ఎవడెక్కడున్నాడో చెప్పేస్తాడు. ఎలా భయ్ అని అడిగితే, "అడుగుల సప్పుడు ఇను మియా, కండ్లతోని ఆడేటోడు సగం ఆటగాడే" అన్నాడు. ఈ ఏడు సౌత్ జోన్ దాకా ఆడితే స్పోర్ట్స్ కోటాలో రైల్వే వాళ్ళు వాణ్ణి పిలుస్తారట. వాళ్ళింట్లో ఆరుగురు ఆ పిలుపు కోసం చూస్తున్నారు. అందుకని వాడు ప్రతి మ్యాచ్‌కీ ముందు బంతిని ముద్దు పెట్టుకుని మరీ కిందపెడతాడు.

ఎర్ర చొక్కాల కాలేజీతో మ్యాచ్ గట్టిది. వాళ్ళ డిఫెండర్ భార్గవ్ అని, గోడలాంటి మనిషి. వాణ్ణి దాటి రెండు గోల్స్ కొట్టాను. రెండోది కొట్టాక నేనే కాసేపు నమ్మలేదు. బంతి వలలో ఇంకా ఊగుతోంది. ఎవరూ రీటేక్ అనలేదు. అది అలాగే ఉండిపోయింది.

చదువు సంగతి తర్వాత రాస్తాను. పోస్టు డబ్బా తీసే టైమైంది.

తేజ


నొవీషియేట్
అక్టోబరు

తేజా,

మదర్ గారు పేపర్లో ఆటల పేజీ వదలరు. మొన్న జిల్లా ఎడిషన్ కాక హైదరాబాద్ పేపర్ ఎవరో సామాన్లు చుట్టి తెస్తే, ఆ ముక్క ఇస్త్రీ చేసినట్టు సాపు చేసి నాకు చూపించారు. మీ కాలేజీ, ఎర్ర చొక్కాల కాలేజీ. రెండు గోల్స్. రెండూ ఏడో నంబరే కొట్టాడు.

పేరు రిత్విక్ అని ఉంది.

మదర్ గారు ముక్క నా దగ్గర పెట్టి వెళ్ళిపోయారు. పేపర్ వాళ్ళు తప్పు రాసి ఉంటారని నాకు నేనే చెప్పుకున్నాను. తర్వాత నీ రెండు ఉత్తరాలూ మళ్ళీ చదివాను. కాలేజీకి వెళ్తున్నానన్నావు గానీ, చేరానని ఎక్కడా లేదు.

రిత్విక్ ఎవరు?

హెలెన్


ఫిల్మ్‌నగర్
అక్టోబరు

అక్కా,

నీ ఉత్తరం చిన్నదైతే నాకు భయం. చిన్నప్పటినుంచీ అంతే.

చెప్తా విను. రిత్విక్ మంచివాడు. జూబ్లీ హిల్స్ వాళ్ళు, వాళ్ళ నాన్న నిర్మాత. కాలేజీ టీంలో వాడిది ఏడో నంబరు. టోర్నమెంటుకి పేర్లు పంపించాక వాడి మోకాలు బెణికింది. కొత్త పేరు చేర్చడానికి లేదు, గడువు అయిపోయింది. అప్పుడే కమలాకర్ సార్ నన్ను చూశారు.

"నేను ఇక్కడ స్టూడెంట్‌ని కాదు సార్, ఎక్కడా కాదు" అన్నాను.

"ఎవడడిగిండ్రా? రిత్విక్ చొక్కా ఏసుకో, రిత్విక్ లెక్క ఆడు. రెఫరీ నంబర్ చూస్తడు, మొకం ఎవడు చూస్తడు?" అన్నారు.

అక్కా, నాకు వెంటనే అర్థమైపోయింది. డూప్! నేను రోజూ చేసే పనేగా ఇది. హీరోకి రానిది నేను చేస్తాను, పేరు హీరోది. దూకింది నేను, ఈలలు ఆయనకి. అందులో తప్పేముంది? మన బస్తీలో సగం మంది అన్నం ఆ పని మీదేగా. రిత్విక్ కూడా "బ్రో, నా నంబర్ మీద కుమ్మెయ్" అని బూట్లు వాడివే ఇచ్చాడు. పైసా అడగలేదు, వాళ్ళూ ఇవ్వలేదు. ఆట ఇచ్చారు, చాలదూ?

పైగా నేను ఎంత పద్ధతిగా చేస్తున్నానో తెలుసా! ఫైట్ మాస్టర్ నాకు నేర్పిన మొదటి పాఠం, డూప్ అన్నవాడు కెమెరాకి ఫేస్ ఇవ్వకూడదు. ఒక్కసారి మొహం కనబడిందా, "ఫేస్ ఇచ్చావ్ రా వెధవా, కట్!" అని మైకులో తిడతారు. ఇక్కడా అంతే. గోల్ కొట్టగానే ఎవరి ఫోన్ ఎటు ఉందో చూసుకుని, వీపు అటు తిప్పి మూలకి పరిగెడతాను. అజ్మత్ పడీపడీ నవ్వాడు. "అరే మియా, గోల్ కొట్టి దొంగ లెక్క ఉరుకుతవేంది? జర మాతోని నవ్వు!"

కోపం తెచ్చుకోకు. చేరానని నేను అనలేదు. నువ్వు అనుకున్నావు. కాదని రాయలేకపోయాను. ముప్ఫై మంది నా పేరు పలికారని రాశావుగా, ఇంకేం రాస్తాను?

తేజ


నొవీషియేట్
నవంబరు

తేజా,

కోపం తగ్గాక రాద్దామని ఆగాను. తగ్గలేదు, అయినా రాస్తున్నాను.

నీ డూప్ పని తప్పని నేను ఏనాడూ అనలేదు. నువ్వు మొదటిసారి మూడో అంతస్తునుంచి దూకినప్పుడు అమ్మ ఏడిస్తే, పని పనేనమ్మా అన్నది నేనే. కానీ ఒకటి చెప్పు. సినిమాలో నిన్ను కొట్టే ఫైటర్‌కి నువ్వు డూప్‌వని తెలుసా తెలియదా?

తెలుసు. ఎటు తిరుగుతావో, దెబ్బ ఎక్కడ పడాలో కూర్చుని మాట్లాడుకునే కొట్టుకుంటారు. డైరెక్టర్‌కి తెలుసు, హీరోకి తెలుసు, టికెట్ కొన్నవాడికి కూడా ఉజ్జాయింపుగా తెలుసు. అక్కడ మోసపోయేవాడు ఎవడూ లేడు.

ఆ భార్గవ్‌కి ఎవరు చెప్పారు?

వాడు రిత్విక్ అనేవాడితో ఆడుతున్నాననుకున్నాడు. రిత్విక్ ఆట గురించి విని ఉంటాడు, దానికి తగ్గట్టు కాచుకుని ఉంటాడు. నువ్వు ఎదురొచ్చావు. ఆట నిజంగా ఉందని, పదకొండు మంది నిజంగా వస్తారని అంత మురిసిపోయి రాశావే, వాళ్ళు నిజంగా వచ్చారు. నువ్వు రాలేదు.

అక్క


ఫిల్మ్‌నగర్
నవంబరు

అక్కా,

అయిపోయింది. భార్గవ్ ఫిర్యాదు పెట్టాడు.

ఎలా కనిపెట్టాడో తెలుసా? కార్డు చూసి కాదు, ఫోటో చూసి కాదు. వాళ్ళ కాలేజీ వాళ్ళు తీసిన మ్యాచ్ వీడియో చూసి. "గోల్ కొట్టినోడు ఎవడైనా కెమెరా దిక్కు ఉరుకుతడు సార్. గీడు రెండు సార్లు కొట్టి రెండు సార్లు ఎనక్కి తిరిగి ఉరికిండు. మొకం దాసుకునెటోని దగ్గర ఏదో ఉన్నది" అని రాసిచ్చాడట. నేను పద్ధతిగా చేసిన పనే పట్టిచ్చింది. అంత గోడలాంటి మనిషి నా వీపుని అంతసేపు చూశాడా అని భయంతో పాటు నాకు ఆశ్చర్యంగా ఉంది. నన్ను అంత శ్రద్ధగా ఎవరూ చూడలేదక్కా, సినిమావాళ్ళు కూడా.

యూనివర్సిటీ వాళ్ళు విచారణ వేశారు. నిజమని తేలితే టీంని ఈ ఏడే కాదు, మూడేళ్ళు ఆడనివ్వరట. సర్టిఫికెట్లు రద్దు. సార్‌కి కోచింగ్ ఉండదు. అజ్మత్‌కి రైల్వే పిలుపు పోయినట్టే. అందరికీ శిక్ష పడుతుంది. నాకు తప్ప. నేను వాళ్ళ పుస్తకాల్లో ఎక్కడా లేనుగా, నన్ను ఎలా తీసేస్తారు?

సార్ అందరినీ కూర్చోబెట్టి చెప్పారు. రిత్విక్ మోకాలు బాగైంది కాబట్టి వాడే వెళ్ళి నేనే ఆడానంటాడు. నన్ను చూసి, "నువ్వు గీ దిక్కు రాకు బిడ్డా, కొన్ని దినాలు కనబడకు" అన్నారు. అజ్మత్ నా భుజం మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి చల్లగా ఉంది.

కనబడకుండా ఉండటం నాకు వచ్చిన పనే. నేను మాట్లాడకపోతే అందరూ బతుకుతారు. మాట్లాడితే అందరూ పోతారు, నేను తప్ప. ఏం చెయ్యమంటావో రెండు ముక్కలు రాయి. విచారణ నెలాఖరున.

తేజ


నొవీషియేట్
నవంబరు

తేజా,

ఏం చెయ్యాలో నేను చెప్పను. నేను చేసింది చెబుతాను.

నిన్న మధ్యాహ్నం భోజనాల దగ్గర లేచి నిలబడ్డాను. అక్కడ మౌనంగా తినాలి. స్పూన్ల చప్పుడు ఆగిపోయింది. "మా తమ్ముడు కాలేజీలో చేరలేదు. ఇంకొకరి పేరుతో ఆడుతున్నాడు. మీరు చేసిన ప్రార్థన నిజం కాని దానికి. నాకు తెలిసి కూడా ఇన్నాళ్ళు ఊరుకున్నాను" అన్నాను. కూర్చున్నాను.

కాసేపయ్యాక పక్కనున్న సిస్టర్ చారు గిన్నె నా వైపు జరిపింది.

అక్క


ఫిల్మ్‌నగర్
డిసెంబరు మొదట్లో

అక్కా,

నీ ఉత్తరం విచారణ రోజు పొద్దున్నే అందింది. చదివి, చొక్కా వేసుకుని బయల్దేరాను. ఏం చేస్తానో నాకే తెలియదు. నువ్వు ఆ గదిలో లేచి నిలబడ్డావే, ఆ బొమ్మే కళ్ళ ముందుంది. ముప్ఫై మంది మధ్య, స్పూన్లు ఆగిపోయాక! నేను మూడో అంతస్తునుంచి దూకడం దాని ముందు ఏపాటి?

విచారణ కాలేజీ గ్రౌండ్‌లోనే. ప్లాస్టిక్ కుర్చీల్లో ముగ్గురు. నడుమ వీరరాఘవయ్య గారని పాత రెఫరీ, రాజమండ్రి మనిషి. డెబ్బై దాటి ఉంటాయి, నిటారుగా కూర్చున్నారు. నేను నీళ్ళ ట్యాంకు వెనక నిలబడ్డాను. అవతల భార్గవ్ చేతులు కట్టుకుని ఉన్నాడు. మా వాళ్ళు వరసగా ఉన్నారు. రిత్విక్ ఏడో నంబరు చొక్కాలో ఉన్నాడు.

కమలాకర్ సార్ ఐడీ కార్డు ఇవ్వబోతే పెద్దాయన చెయ్యి అడ్డం పెట్టారు. "కార్డు సంగతి తర్వాత చూద్దామండీ. బాబూ, ఆ బంతి ఎడమ కాలితో కొట్టు."

రిత్విక్ కొట్టాడు. మంచిగానే కొట్టాడు, పాపం వారం నుంచి సాధన చేశాడు. బంతి వలలో పడింది. మా వాళ్ళందరూ ఒక్కసారి ఊపిరి వదిలారు. నాకు వినబడింది.

"బాగుంది. ఇప్పుడు గోల్ కొట్టావు, మీరు గెలిచారు. పరిగెత్తు."

అక్కా, రిత్విక్ సంగతి నీకు తెలియదు. పుట్టిన రోజునుంచి వాడి చుట్టూ కెమెరాలే. గుమాస్తా ఎవరో ఫోన్ ఎత్తి తీస్తున్నాడు. వీడు చేతులు రెండూ చాపి, పళ్ళన్నీ కనబడేలా నవ్వుతూ నేరుగా ఆ ఫోన్ మీదికి పరిగెత్తాడు.

పెద్దాయన తన చేతిలో ఫోన్‌లో ఆ మ్యాచ్ వీడియో చూశారు, వాణ్ణి చూశారు. "ఈ కుర్రాడు ఇలా పరిగెత్తలేదే?"

"ఆ రోజు మూడ్ వేరు సార్" అన్నాడు రిత్విక్.

"సరే, ఆ మూడ్‌లోనే ఇంకోసారి పరిగెత్తు."

వాడు వెనక్కి తిరిగి పరిగెత్తాడు. సగం దూరం వెళ్ళి, ఫోన్ తనవైపే ఉందా లేదా అని మెడ తిప్పి చూశాడు! భార్గవ్ పక్కున నవ్వాడు. మా వాళ్ళలో కూడా ఒకరిద్దరికి నవ్వొచ్చి, వెంటనే తలలు దించుకున్నారు. ఆ దించుకోవడం చూడలేకపోయానక్కా. అజ్మత్ తల దించుకోవడం నేను అప్పటిదాకా చూడలేదు. వాడు నేలకేసి ఎందుకు చూడాలి? వాడి ఆట వాడిదేగా.

ట్యాంకు వెనకనుంచి వచ్చేశాను. "అలా కాదు సార్" అన్నాను.

"పో మియా, పో" అని అజ్మత్ పళ్ళ మధ్యనుంచి అన్నాడు. సార్ కళ్ళు మూసుకున్నారు. నేను బంతి తీసుకుని ఎడమ కాలితో కొట్టి, ఆ రోజు తిరిగినట్టే తిరిగి, మూలనున్న జెండా దాకా పరిగెత్తి ఆగాను. వీపు వాళ్ళవైపే ఉంది. షూటింగైతే ఎవరో ఒకరు కట్ అనాలి. ఎవరూ అనలేదు. అంతసేపు ఎవరూ నన్ను అలా వదిలెయ్యలేదు.

చివరికి పెద్దాయన అన్నారు, "ముఖం ఇటు తిప్పు నాయనా."

మెడ తిరగలేదక్కా. అంత బరువు ఎక్కడినుంచి వచ్చిందో! కాళ్ళతో సహా మొత్తం తిరిగాను. ఫోన్ నావైపే ఉంది. ఫేస్ ఇచ్చాను.

"పేరు?"

"చరణ్ తేజ అండీ."

"ఏం చదువుతున్నావు?"

"ఏమీ లేదండీ."

పెద్దాయన నన్ను తిడతారనుకున్నాను. కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. "ఇంత ఆట ఉన్నవాడివి, దొంగగా ఆడితే మ్యాచ్‌కి మైల అంటుతుందని తెలియదా?" అన్నారు. ఇప్పుడు తెలుసండీ అన్నాను. మైల అన్న మాట మన అమ్మమ్మ తర్వాత ఆయన నోటే విన్నాను. ఆటకి కూడా అంటుతుందని నాకు నిజంగా తెలియదు.

నోటీసు నిన్న వచ్చింది. టీం ఈ ఏడూ, వచ్చే ఏడూ ఆడకూడదు. మూడేళ్ళు వెయ్యాల్సింది, తీర్పుకి ముందే నిజం బయటపడిందని తగ్గించారు. కమలాకర్ సార్‌కి రెండేళ్ళు. రిత్విక్ ఇంక కాలేజీ తరఫున ఆడలేడు. ఈ ఏటి సర్టిఫికెట్లు ఎవరికీ లేవు. సౌత్ జోన్‌కి భార్గవ్ వాళ్ళు వెళ్తారు.

నోటీసు బోర్డు దగ్గర జనం మధ్య దూరి చదివాను. "చరణ్ తేజ అను బయటి వ్యక్తి కొట్టిన గోల్స్ కొట్టివేయడమైనది." నేను కొట్టినవి వాళ్ళు కొట్టేశారు! నవ్వొచ్చింది. వెంటనే పక్కన అజ్మత్ కనబడ్డాడు. నవ్వు ఆగిపోయింది. వాడు నన్ను దాటుకుని, నా చోట గోడ ఉన్నట్టు వెళ్ళిపోయాడు.

వాడి ఇల్లు ఎక్కడో తెలుసు. వెళ్ళి ఏమని చెప్పను?

తేజ


నొవీషియేట్
డిసెంబరు

తేజా,

వెళ్ళు. చెప్పడానికేమీ లేకపోయినా వెళ్ళు. వాళ్ళమ్మ తిడితే నిలబడి విను.

నీ ఉత్తరం ఈసారి మదర్ గారు నన్ను చదివి వినిపించమన్నారు. అందరి ముందూ. "ముఖం ఇటు తిప్పు నాయనా" అన్న చోట ఆపి కాగితం ఇచ్చేశాను. మిగతాది మదర్ గారే చదివారు, తన మలయాళం యాసలో. మైల అన్న మాటకి అర్థం తెలియలేదావిడకి. ఆ సాయంత్రం ప్రార్థనలో ముందు అజ్మత్ పేరు, తర్వాత నీది పలికారు.

అక్క


ఫిల్మ్‌నగర్
జనవరి

అక్కా,

వెళ్ళాను. వాళ్ళమ్మ తిట్టలేదు. చాయ్ ఇచ్చి, "నీదే తప్పు, వాడిది కూడా తప్పే, తాగు" అన్నారు. అజ్మత్ లోపల గదిలోనే ఉన్నాడు. బయటికి రాలేదు. మళ్ళీ వెళ్ళాను. రాలేదు. మూడోసారి చాయ్ వాడే తెచ్చి నా ముందు పెట్టి లోపలికి పోయాడు.

ఇప్పుడు అసలు సంగతి. మొన్న శనివారం భార్గవ్ నన్ను వెతుక్కుంటూ షేక్‌పేట వచ్చాడు. కొట్టడానికి వచ్చాడనుకుని మావాళ్ళు చుట్టూ చేరారు. వాడు బండి స్టాండ్ వేసి నింపాదిగా అన్నాడు, "మీ మీద కాయితం మీద గెలిచినం. సౌత్ జోన్ పోయొచ్చినం, రెండో మ్యాచ్‌ల ఇంటికొచ్చినం. గని నాకు నిద్ర వడ్తలేదు భయ్. నిన్ను ఆపగల్నా లేదా అన్నది తెల్వాలె. రేపు ఆడుదం. గీ మట్టిలనే."

"మా టీంకి ఆడే హక్కు లేదుగా" అన్నాను.

"మట్టికి ఎవడు నోటీసిస్తడు?" అన్నాడు.

అక్కా, అలాంటి మనిషిని నేను చూడలేదు. గెలిచినవాడు వెతుక్కుంటూ వచ్చి, నిజంగా గెలిచానా అని అడగటం! రాత్రంతా అదే ఆలోచించాను.

ఆదివారం అందరూ వచ్చారు. రిత్విక్ మోకాలు మళ్ళీ బెణికి, పట్టీ కట్టుకుని లైన్‌మన్‌గా నిలబడ్డాడు. కమలాకర్ సార్ రాకూడదు కాబట్టి చాయ్ బండి దగ్గర నిలబడి, అటే చూస్తూ అటు చూడనట్టు నటించారు. ఆఖరున అజ్మత్ వచ్చాడు. నావైపు చూడలేదు. బంతిని ముద్దు పెట్టుకోలేదు కూడా. ఊరికే కిందపెట్టాడు. ఆట మొదలైన కాసేపటికి మాత్రం, వెనక్కి చూడకుండానే, సరిగ్గా నా కాలి ముందుకి పాస్ ఇచ్చాడు. మాట్లాడలేదక్కా. బంతి ఇచ్చాడు.

నేను వెళ్ళాను. భార్గవ్ ఎదురొచ్చాడు. ఎప్పటిలాగే కుడివైపు వెళ్తున్నట్టు భుజం వంచి, ఎడమకి తిరిగాను. వాడక్కడే ఉన్నాడు. బంతి తీసుకుపోయాడు. మళ్ళీ వెళ్ళాను. మళ్ళీ అక్కడే ఉన్నాడు. ఆటంతా అంతే. నా కాలు ఎటు పోతుందో, నేను ఎప్పుడు ఊపిరి పీలుస్తానో కూడా వాడికి తెలుసు. మాకు ఒక్క గోల్ పడలేదు. రెండు సున్నాతో ఓడిపోయాం.

నాకు ఏడుపు రావాలి కదా? ఒళ్ళంతా పులకరించింది. ఎందుకో చెప్తాను, నువ్వు రాసింది అప్పుడు అర్థమైంది. ఆ రోజు నేను వాణ్ణి గెలవలేదు, వాడికి నేనెవరో తెలియదంతే. ఈసారి తెలిసి ఎదురొచ్చాడు, ఆపేశాడు.

చివర్లో ఒకసారి వాణ్ణి దాటేశాను. గోల్‌కి నాకూ మధ్య ఒక్క కుర్రాడే ఉన్నాడు, సన్నగా, భయపడుతూ. వెనకనుంచి భార్గవ్ గొంతు చించుకుని అరిచాడు. ఫ్లైఓవర్ మీద బళ్ళు కూడా విని ఉంటాయి.

"చరణ్ తేజ! ఎడమ కాలు! చరణ్ తేజ ఎడమకే తిరుగుతడు, మూసెయ్!"

ఆ కుర్రాడు మూసేశాడు. బంతి వాడి మోకాలికి తగిలి బయటికి పోయింది. నేను మట్టిలో కూర్చుండిపోయాను. మైదానంలో నా పేరు అంత గట్టిగా ఎవరూ పిలవలేదక్కా.

నీ
చరణ్ తేజ